ఫిలింనగర్ కథకులకు యూసుఫ్‌గూడ నుంచి

తెలుగు సినీ రచయితల సంఘం సభ్యులకు, వాళ్ళతో సిట్టింగుల్లో కూర్చునే దర్శకులకు,



యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ మీదుగా పైకెక్కితే జూబ్లీహిల్స్, అవతలకి దిగితే ఫిలింనగర్. మీకూ మాకూ మధ్య ఉన్న దూరం అంతే. మీ సినిమాల్లో గుంపులో నడిచేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, కాస్ట్యూములు ఇస్త్రీ చేసేవాళ్ళు, హీరోయిన్లకు గొంతు అరువిచ్చేవాళ్ళు చాలామంది మా గల్లీల్లోనే అద్దెకుంటారు. వాళ్ళ పిల్లలకు నేను బళ్ళో తెలుగు చెప్తాను. ఇంట్లో మేం మాట్లాడుకునేది దక్కనీ, నాకు కూడు పెట్టేది తెలుగు. అందుకని మీ సినిమాల్లో పాతబస్తీ సీను వచ్చినప్పుడల్లా నాకు రెండు చెవులూ పనిచేస్తాయి.

చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీ కథల్లో ముస్లిం ఆడమనిషిని ఎప్పుడూ ఎవరో ఒకరు కాపాడుతుంటారు. ఆమె మాత్రం ఎవర్నీ కాపాడదు. ఈ ఊళ్ళో నేను చూసింది, చదివింది దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంది. మూసీకి వరదొచ్చినా, రజాకార్ల కాలం వచ్చినా, గల్ఫ్ షేకులు పెళ్ళిళ్ళకు దిగినా, కోర్టు మెట్లెక్కాల్సి వచ్చినా ముందుకొచ్చి నిలబడ్డవాళ్ళలో ముస్లిం స్త్రీలున్నారు. వాళ్ళకు పేర్లున్నాయి, తేదీలున్నాయి, కొందరి మీద పుస్తకాలూ ఉన్నాయి. కథ దొరక్క కొరియా సినిమాలు తిరగేస్తున్నామని మా గల్లీ అసిస్టెంట్ డైరెక్టర్లు చాయ్ దగ్గర చెప్పుకుంటుంటారు. అంత దూరం ఎందుకండీ అని ఈ ఉత్తరం.

ముస్లింలను విలన్లుగా చూపిస్తున్నారన్న పాత పంచాయితీ ఇక్కడ పెట్టను. అది ఉంది, దాని మీద మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. మీరు మమ్మల్ని మంచివాళ్ళుగా చూపించేటప్పుడు ఏం జరుగుతోందన్నదే నా తగువు.

1955 సంగతి చూడండి. ఆ ఏడు 'అనార్కలి' వచ్చింది, అంజలీదేవి అనార్కలి. అదే ఏడు తాపీ చాణక్య 'రోజులు మారాయి' వచ్చింది. అందులో ఏరువాక పాటకు ఆడిన పిల్ల వహీదా రెహమాన్. తెలుగమ్మాయి మొగలాయీ నర్తకి అయింది, ముస్లిం అమ్మాయి పల్లెటూరి తెలుగు పాటకు ఆడింది. తప్పేం లేదు, నటన అంటేనే అది. పైగా వహీదా ఆ పాట నుంచి నడుచుకుంటూ వెళ్ళి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు దాకా చేరింది. కానీ ఆ రోజు మొదలు మీ పరిశ్రమకు ఒక అలవాటు పడింది: ముస్లిం స్త్రీ మనకు నటిగా కావాలి, ముస్లిం పాత్ర మనకు అలంకారంగా కావాలి. హైదరాబాదులో పుట్టిన టబు 1991లో 'కూలీ నెం.1'తో తెలుగు తెరకు వచ్చింది. ఆమె వచ్చిన ఊరి మనిషిగా ఆమె చేత ఒక్క గొప్ప పాత్ర వేయించామా? నాకైతే గుర్తులేదు.

ఈమధ్యవి చూద్దాం. 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. సలీమా అందులో ముందు రెండు కళ్ళు, తర్వాతే మనిషి. అయినా ఆ పాత్రను నేను మెచ్చుకుంటాను. ఆమెకు నోరుంది, తన బతుకు మీద తనకో లెక్క ఉంది. 2022లో 'సీతారామం'. అందులో అఫ్రీన్ కోపంతో మొదలై, ఒకరి ఉత్తరం ఇంకొకరికి చేర్చి, మెత్తబడి ముగుస్తుంది. కథంతా తిరిగేది ఆమె, కథ మాత్రం వేరేవాళ్ళది. 2023లో 'ఖుషి'. హీరో కాశ్మీరులో ఒక బేగం వెంట పడతాడు. తర్వాత ఆ బేగం అసలు లేదని, ఆ అమ్మాయి బ్రాహ్మల పిల్ల అని తేలుతుంది. థియేటర్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం, మనకు దొరికిన ముస్లిం హీరోయిన్ కూడా వేషమే అయిందే అనుకున్నాను.

వీళ్ళల్లో ఎవరు పొద్దున లేచి ఏం పనికి వెళ్తారు? మీ తెర మీద ముస్లిం స్త్రీకి కళ్ళుంటాయి, కన్నీళ్ళుంటాయి, పండక్కి షీర్ ఖుర్మా తెచ్చిపెట్టే చేతులుంటాయి. ఉద్యోగం ఉండదు. ఆఫీసు ఉండదు. నలుగురు వచ్చి సలహా అడిగే కుర్చీ ఉండదు. ఇంతా చేసి నోరు తెరిస్తే 'నీకీ నాకీ' అంటూ లింగవచనాలు తారుమారైన తెలుగు ఒకటి. తెలుగు పంతులమ్మగా దానికి నేను ఎర్ర సిరాతో సున్నా వేస్తాను. అలా మాట్లాడే మనిషి మా బంధువుల్లో లేదు.

సరే, ఎవరి కథ తియ్యమంటావు అంటారా?

జమాలున్నిసా బాజీ సంగతి తీసుకోండి. 1915లో పుట్టి 2016లో, నూరేళ్ళు దాటాక పోయారు. నిజాం రాజ్యంలో పరదా పాటించే కుటుంబాల మధ్య పెరిగి, ఇంట్లోకి వచ్చే 'నిగార్' లాంటి ఉర్దూ పత్రికలు చదువుతూ మతం పేరిట చెప్పే ప్రతి మాటకూ ఎందుకని అడగడం నేర్చుకున్న మనిషి. సోదరి రజియా బేగంది కూడా అదే దారి. 'పయాం' పత్రిక నడిపిన అఖ్తర్ హసన్ వాళ్ళ అన్నదమ్ముల్లో ఒకరు. మఖ్దూం మొహియుద్దీన్ తరం కవులూ కార్యకర్తలూ ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్ళు. కమ్యూనిస్టు పార్టీ మీద నిర్బంధం ఉన్న రోజుల్లో అజ్ఞాతంలో తిరిగేవాళ్ళకు ఆ ఇల్లు చోటిచ్చింది. తర్వాత 'బజ్మ్-ఎ-అహ్బాబ్' పేరుతో సాహిత్య సభలు నడిపారు. ఇదంతా నేను ఉర్దూ గ్రంథాల్లోంచి తవ్వి తీసింది కాదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో అచ్చేసిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలుగు పుస్తకమే. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ ఉన్న ఆ అట్టల మధ్యే జమాలున్నిసా, రజియా బేగం కూడా ఉన్నారు. మీలో చాలామంది బీరువాల్లో ఆ పుస్తకం ఉండే ఉంటుంది.

ఒక్క సీను ఊహించుకోండి. వీధిలో నిజాం పోలీసులు, లోపల అజ్ఞాతవాసి, మధ్యలో జనానా గుమ్మానికి వేలాడే ఒక గుడ్డ. మగ పోలీసు ఆ గుడ్డ దాటి లోపలికి రావడానికి జంకే కాలం అది. పరదా అంటే హీరో వచ్చి తొలగించాల్సిన ముసుగుగానే ఇన్నాళ్ళూ చూసిన మీ కెమెరాకు, పరదా ఒక కోటగోడగా పనికొచ్చే కథ ఎంత కొత్తగా ఉంటుంది! మీ భాషలో చెప్పాలంటే ఇంటర్వెల్ బ్యాంగ్ అక్కడే ఉంది.

తెలంగాణ పోరాటం మీద మనకు గొప్ప సినిమా లేకపోలేదు. 1979 నాటి 'మా భూమి' కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' లోంచే పుట్టింది. ఉర్దూ కథ నుంచి తెలుగు తెరకు ఒక కాలిబాట అప్పుడు పడింది, ఆ తర్వాత నడిచేవాళ్ళు లేక గడ్డి మొలిచింది. 2024లో 'రజాకార్' తీశారు. రజాకార్ల ఘోరాలు నిజం. వాళ్ళను రాతలో ఎదిరించి 1948 ఆగస్టులో ప్రాణం పోగొట్టుకున్న షోయబుల్లాఖాన్ కూడా నిజమే. వాళ్ళు వేటాడుతున్న కమ్యూనిస్టులకు తమ ఇంట్లో నీడనిచ్చిన అక్కచెల్లెళ్ళూ నిజమే. ఈ మూడో నిజానికి ఎవరూ అడ్వాన్సు ఇవ్వలేదు.

ఇంకాస్త వెనక్కి పోతే, 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. ఉస్మానియా ఆస్పత్రి చింతచెట్టు మీద జనం ప్రాణాలు దక్కించుకున్న కథ మీకందరికీ తెలుసు. ఆ వరద తర్వాత సహాయ పనుల్లో తిరిగి కైసర్-ఇ-హింద్ పతకం అందుకున్న అమీనా హైదరీ పేరు ఎంతమందికి తెలుసు? సుగ్రా హుమాయూన్ మీర్జా అని ఇంకొకరు. పరదా పక్కన పెట్టారు, ఆడవాళ్ళ కోసం ఉర్దూలో 'అన్-నిసా' పత్రికకు సంపాదకత్వం చేశారు, 1934లో హుమాయూన్‌నగర్‌లో ఆడపిల్లలకు సఫ్దరియా స్కూలు పెట్టారు. మెహదీపట్నం వైపు షూటింగుకు పోయేటప్పుడు మీ వ్యాను ఆ చుట్టుపక్కల ట్రాఫిక్‌లో ఆగే ఉంటుంది.

మాసూమా బేగం కథ మాత్రం ఇంత తొందరగా దాటలేను. 1952లో శాలిబండ నుంచి హైదరాబాదు శాసనసభకు, 1957లో పత్తర్‌గట్టి నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు గెలిచారు. 1960లో దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి, ఆయన ఎదురుగా సాంఘిక సంక్షేమ శాఖ ఫైళ్ళతో ఒక ముస్లిం మహిళ. ఆ గదిలో కూర్చున్న మిగతా పెద్దమనుషుల ముఖాలు క్లోజప్‌లో చూడాలని నాకు మహా సరదా. 1962లో అదే పత్తర్‌గట్టిలో ఆవిడను ఓడించింది మజ్లిస్ నాయకుడు సలావుద్దీన్ ఒవైసీ. పాతబస్తీ రాజకీయం ఆ రోజు ఏ మలుపు తిరిగిందో ఆ ఒక్క ఎన్నికలో ఉంది. రాజకీయ సినిమా అంటే ఖద్దరు చొక్కాలు, సుమోలు మాత్రమేనా?

పాత కథలకు సెట్లు వెయ్యాలి, బడ్జెట్ అవుతుంది అంటారని తెలుసు. ఇప్పటి కథ చెప్తాను.

1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో పదేళ్ళ పాప ఏడుస్తుంటే ఎయిర్‌హోస్టెస్ అమృతా అహ్లువాలియా దగ్గరకెళ్ళి అడిగింది. పక్క సీట్లో అరవయ్యేళ్ళ సౌదీ వాడు, ఆ పాపకు మొగుడట. దేశమంతా అట్టుడికింది. అందరికీ గుర్తున్నది ఆ విమానం దాకే. మీకూ అంతవరకే కావాలి, ఎందుకంటే అక్కడ కాపాడే చెయ్యి బయటి నుంచి వస్తుంది. విమానం దిగాక ఏముంది? ఆ పాపలాంటి పిల్లలు ఉన్న గల్లీలో మర్నాడు ఎవరు తిరగాలి? దళారి ఎవరో ఎవరు కనుక్కోవాలి? ఖాజీ దగ్గరకు వెళ్ళి, వయసు కాగితం చూడకుండా నికా ఎలా చదివావని ఎవరు నిలదీయాలి?

ఆ పని నెత్తికెత్తుకున్నవాళ్ళలో జమీలా నిషాత్ గారు ఒకరు. ఉర్దూ కవయిత్రి. 2002లో పాతబస్తీలో షాహీన్ అనే సంస్థ పెట్టారు. సుల్తాన్‌షాహీ లాంటి ఇరుకు బస్తీల్లో, ముస్లిం ఆడపిల్లలతో పాటు దళిత ఆడపిల్లల్ని కూడా కూర్చోబెట్టి చదువూ చేతిపనీ నేర్పుతూ, ఇళ్ళల్లో హింస మీద, బాల్య వివాహాల మీద, షేకుల పెళ్ళిళ్ళ మీద నిలబడిన సంస్థ అది. ఆ పెళ్ళిళ్ళ పద్ధతి మీకు తెలిస్తే థ్రిల్లరు రాస్తారు. నికానామా, అంటే పెళ్ళి కాగితం మీద సంతకం పెట్టించిన రోజే తలాక్ కాగితం మీద కూడా పెట్టించి దాచుకుంటారు. లాడ్జి గది ముందే తీసి ఉంటుంది. షేకు ఊరు దాటగానే ఆ రెండో కాగితం బయటికొస్తుంది. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమన్, ఖతార్ దేశాల వాళ్ళతో పాటు ఖాజీల్ని, లాడ్జి వాళ్ళని, దళారుల్ని ఒకేసారి పట్టుకున్నారు. ఆ అరెస్టులు టీవీల్లో ఒక వారం నడిచాయి. అంతకు పదిహేనేళ్ళ ముందు నుంచీ అదే బస్తీల్లో తలుపులు తట్టి తిరిగిన ఆడవాళ్ళు మాత్రం స్క్రోలింగులోకి కూడా రాలేదు.

ఇలాంటి ఆఫీసుల్లో పని ఎలా ఉంటుందో కాస్త చెప్పనివ్వండి, సినిమాకు పనికొచ్చేది అక్కడే ఉంది. ఒక ఆడమనిషి ప్లాస్టిక్ కవరు పట్టుకుని వస్తుంది. కవర్లో నికానామా ఉండాలి, చాలాసార్లు ఉండదు, అత్తగారి బీరువాలో ఉంటుంది. వక్ఫ్ బోర్డు నుంచి పెళ్ళి సర్టిఫికెట్ తీయించాలి. దానికి ఏ ఖాజీ రిజిస్టర్లో రాశాడో తెలియాలి. పోలీస్ స్టేషన్‌కి పోతే ఇది మీ మతం సంగతి, పెద్దమనుషుల దగ్గర తేల్చుకోండి అంటారు. పెద్దమనుషుల దగ్గరకు పోతే ఇంటి పరువు స్టేషన్‌కెక్కిస్తావా అంటారు. ఆమెను ఈ రెండు గుమ్మాల మధ్య నలగనివ్వకుండా మూడో గుమ్మం చూపించే మనిషే ఇక్కడ నాయకురాలు. ఆమెకు సెక్షన్లు తెలియాలి, మెహర్ (పెళ్ళిలో భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము) లెక్క తెలియాలి, మౌల్వీ సాబుకు ఖురాన్ ఆయతు గుర్తు చేసే నోరుండాలి, ఎస్సైకి చాయ్ తాగే టైమెప్పుడో కూడా తెలియాలి. దీన్ని మించిన స్క్రీన్‌ప్లే ఏ వర్క్‌షాపులో నేర్పుతారు?

ఎక్కడా చోటు లేని ఆడవాళ్ళకు ప్రభుత్వం పెట్టిన స్టేట్ హోమ్ మా యూసుఫ్‌గూడలోనే ఉంది. మధురానగర్ మీదుగా వెళ్ళే ఎవరైనా దాని గోడ చూసే ఉంటారు. గోడ లోపలి కథ ఎవరూ అడగలేదు.

కోర్టు డ్రామాలంటే మీకు ఈమధ్య బాగా మోజు. భరణం మీద నడిచిన షా బానో కేసు ఆధారంగా హిందీలో 2025లో 'హక్' తీసేశారు. మన గుమ్మంలోనే రెండు తీర్పులున్నాయి. భార్యకు భరణం ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు చెబితే, విడాకులిచ్చేశాను, నాకు సీఆర్‌పీసీ 125వ సెక్షన్ వర్తించదు అంటూ ఒక భర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్ళాడు. నెలకు 20,000 రూపాయలన్న మొత్తాన్ని హైకోర్టు 10,000 చేసింది కానీ కేసు కొట్టెయ్యలేదు. ఆయన ఊరుకోక సుప్రీంకోర్టుకు పోయాడు. 2024 జూలై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ చెప్పింది ఏమిటంటే, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడా ఆ సెక్షన్ వర్తిస్తుందని. నెల భరణం కోసం మొదలైన తగువు దేశంలో ఉన్న మా ఆడవాళ్ళందరికీ దారి వేసింది. రెండోది 2025 జూన్‌లో మన హైకోర్టే ఇచ్చింది. ఖులా, అంటే పెళ్ళి వద్దని భార్యే చెప్పే హక్కు, భర్త ఒప్పుకుంటేనే చెల్లుతుందన్న వాదనను పక్కన పెట్టింది. ఆ హక్కుకు ఆయన అనుమతి అక్కర్లేదని తేల్చింది. ఆ కేసుల్లో ఆడవాళ్ళ పేర్లు మనకు వద్దు, వాళ్ళ బతుకు వాళ్ళను బతకనిద్దాం. కానీ తీర్పులు బహిరంగం. ఒక మధ్యతరగతి ముస్లిం అమ్మాయి, ఆమె వెనక నిలబడ్డ ఒక వకీలమ్మ, ఒక మతపెద్ద, ఒక భర్త: నాలుగు పాత్రలు, మూడు గదులు. చిన్న బడ్జెట్టే కదా.

ఒకటి మాత్రం దాచను. ఈ ఆడవాళ్ళకు ముందు అడ్డుపడేది మా ఇంటి మగవాళ్ళే. ఇల్లు దాటి మాట్లాడితే కౌమ్ పరువు తీసిందంటారు. మైకు పట్టుకుంటే గొంతు వినిపించకూడదంటారు. ఇంకోపక్క బయటి ప్రపంచం. 2021 జూలైలో 'సుల్లి డీల్స్', 2022 జనవరి ఒకటిన 'బుల్లీ బాయి' అని రెండు యాప్‌లు వచ్చాయి. గట్టిగా మాట్లాడే ముస్లిం మహిళల ఫొటోలు, అందులోనూ జర్నలిస్టులవి, ఉద్యమకారిణులవి పెట్టి వేలానికి పెట్టినట్టు ఆడుకున్నారు. ఆ మహిళల్లో మన హైదరాబాదు వాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కేసులు పెట్టి, మళ్ళీ తమ పనికి పోయారు. ఇంట్లో గొంతెత్తొద్దన్నవాడు, బయట గొంతెత్తినందుకు వేలం వేసినవాడు, ఇద్దరూ ఒకే మనిషికి భయపడుతున్నారని మీలో ఒక్కరైనా గమనించారా? అదే మీ కథలో విలన్ సమస్యను తీర్చేస్తుంది. ఎందుకంటే ఏ మతం వాణ్ణి విలన్ చెయ్యాలా అని మీరు తన్నుకులాడుతుంటారు.

తెలుగులోనే ఈ సంగతులు రాసినవాళ్ళూ ఉన్నారు. షాజహానా 'నఖాబ్' కవిత్వం వచ్చి చాలా ఏళ్ళయింది. 'లద్దాఫ్ని' కథలూ ఆమెవే. దూదేకుల ఇంటి ఆడవాళ్ళ తెలుగు ఎలా ఉంటుందో ఆ కథల్లో వినొచ్చు. మహెజబీన్ అంతకుముందు నుంచే రాస్తున్నారు. ఉర్దూలో అయితే మన ఊరి జీలానీ బానో. ఆమె 'నర్సయ్యా కీ బావ్డీ' కథను కూడా ఆధారం చేసుకుని శ్యాం బెనగల్ 'వెల్ డన్ అబ్బా' తీశారు, 2010లో విడుదలైంది. తెలంగాణ పల్లెలో తవ్వకుండానే తవ్వినట్టు రాసుకున్న ప్రభుత్వ బావి కథ. బావి దొంగతనం జరిగిందని స్టేషన్‌లో ఫిర్యాదు పెట్టించే తెలివి అందులో ముస్కాన్ అనే అమ్మాయిది. నవ్వుతూ చూసే సినిమా, బురఖా మీద ఉపన్యాసం ఒక్కటి లేదు. కథ మనది, ఊరు మనది, సినిమా హిందీది.

దూరం పోయి చూసినా ఇదే వరస. బేగం రొకేయా 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. ఆడవాళ్ళు దేశం ఏలుతుంటే మగవాళ్ళు ఇంట్లో పరదాలో ఉండే చిలిపి కథ. అది మొదట అచ్చయింది మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్, పుట్టింది మన రాజమండ్రిలో. ఒక బెంగాలీ ముస్లిం రచయిత్రి కథను ఒక తెలుగు ఆడబిడ్డ అచ్చేస్తే, దాని స్ఫూర్తితో సినిమా తీసింది ఎవరనుకున్నారు? స్పెయిన్ దర్శకురాలు ఇసబెల్ ఎర్గెరా, 2023లో, బొమ్మల సినిమాగా. రాజమండ్రి నుంచి స్పెయిన్ పోయింది కానీ ఫిలింనగర్‌కు రాలేదు!

ఇప్పుడు మా గల్లీ సంగతి. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగిపోయాయి. చిరంజీవి గారు తదితరులు కరోనా క్రైసిస్ చారిటీ (సీసీసీ) పెట్టి సినీ కార్మికులకు సరుకులు పంపారు, దాన్ని ఇక్కడ అందరూ తలుచుకుంటారు. అయితే ఏ యూనియన్ కార్డూ లేనివాళ్ళు, నిన్నగాక మొన్న ఊళ్ళ నుంచి వేషాల కోసం దిగిన పిల్లలు కూడా మా గదుల్లో ఉన్నారు. మా వీధి చివర బ్లౌజులు కుట్టే ఒక ఖాలా ఉంది. పేరు రాయొద్దంది. ఆమె ఒక నోటుబుక్కు తీసి, ఏ గదిలో ఎంతమంది, ఎవరి దగ్గర స్టవ్ ఉంది, ఎవరికి పచ్చిసరుకు ఇవ్వాలి, ఎవరికి వండి ఇవ్వాలి అని రాసుకుంది. జకాత్ దానం ఇచ్చే ఇళ్ళకు తనే వెళ్ళి, ఈ ఏడు డబ్బులు కాదు, బియ్యం కావాలి అని అడిగింది. నోటుబుక్కులో సగం పేర్లు శ్రీనులు, రాజులు, స్వాతులు. గుంపు సీన్లలో మీ హీరో వెనక ఇప్పటికీ నడుస్తున్న పిల్లలు ఆమె వండిన ఖిచిడీ తిన్నవాళ్ళే. అదే పిల్లలకు పాతబస్తీ సీనులో అద్దె బురఖాలు తొడిగి, బాంబు పేలగానే అరుస్తూ పరుగెత్తండి అని చెప్తారు మీరు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. వచ్చే స్క్రిప్టులో ముస్లిం ఆడమనిషి ఉంటే ముందు ఆమెకో ఉద్యోగం రాయండి. క్లైమాక్సులో బురఖా తీయించొద్దు, వేయించొద్దు, దాని మానాన దాన్ని వదిలెయ్యండి. అదేమన్నా హీరో గారి తలపాగానా, ప్రతి సీన్లో దాని గురించే మాట్లాడ్డానికి? ఆమెను దేవతను కూడా చెయ్యొద్దు. నాకు తెలిసిన నాయకురాళ్ళు కోప్పడతారు, పక్క సంస్థ వాళ్ళతో పడదు, లెక్కలు రాయడంలో బద్ధకిస్తారు, మీటింగుకు గంట ఆలస్యంగా వస్తారు. ఆ మనుషులే తెర మీద కావాలి. పతకం గెలిచిన బాక్సర్ నిఖత్ జరీన్ మీద రేపు ఎవరైనా బయోపిక్ తీస్తారు, తీయాలి కూడా. ఇస్తాంబుల్‌లో 2022లో ప్రపంచ చాంపియన్ అయిన నిజామాబాద్ పిల్ల ఆమె. కానీ పతకం మెడలో పడ్డాక కథ రాయడం సులువు. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు సర్దే మనిషికి ఏ స్టేడియంలోనూ చప్పట్లు లేవు. అక్కడ మీ పనితనం చూపించండి.

ఇక దక్కనీ డైలాగులు. దయచేసి మీరు రాయకండి. మా దగ్గర రాయగల ఆడపిల్లలున్నారు. ఫోను చేతబట్టుకుని బస్తీల్లో వార్తలు చెప్పేవాళ్ళు, కాలేజీలో నాటకాలు రాసేవాళ్ళు, పొద్దున స్కూల్లో చెప్పి సాయంత్రం కౌన్సెలింగుకు పోయేవాళ్ళు. సిట్టింగుకు పిలవండి. 'కొంచెం చూసిపెట్టమ్మా' అని చాయ్ తాగించి పంపే పద్ధతి వద్దు. మీ కో-రైటర్‌కు ఎలా ఇస్తారో అలా అడ్వాన్సు, టైటిల్స్‌లో పేరు, షూటింగు రోజున సెట్లో కుర్చీ. జమాలున్నిసా బాజీ కథ కావాలంటే పుస్తకం వేసినవాళ్ళను అడిగి హక్కులు కొనుక్కోండి. జమీలా నిషాత్ గారిని కలవాలంటే సుల్తాన్‌షాహీ వెళ్ళండి, కారు గల్లీ మొదట్లోనే ఆపాల్సి వస్తుంది.

నేనూ వస్తాను. మధ్యాహ్నమంతా బడి ఉంటుంది, నాలుగు దాటాక అయితే ఖాళీ. ఆటో చార్జీ నేనే పెట్టుకుంటాను. కథకు డబ్బులు మాత్రం మీరే ఇవ్వాలి.

ఇట్లు,
యూసుఫ్‌గూడ నుంచి ఒక తెలుగు పంతులమ్మ